ప్రతిభకు రెండు గేట్లు: కంప్యూటర్ సైన్స్ డిగ్రీ మీద ఒక విమర్శ

'కంప్యూటరుకు కులం లేదు' అనే మాట 1990ల నుంచి మన మధ్య చెలామణీలో ఉంది. ఈ మాట అనేవాళ్లు రెండు రకాలు. ఒకరు, తమ కులాన్ని కులం అనకుండా 'ప్రతిభ' అని పిలుచుకునే అగ్రకులాల వాళ్లు. రెండోవాళ్లు మనవాళ్లే. ఊళ్లో జీవితమంతా కులం పేరుతో పిలిపించుకున్న తండ్రి, కొడుకునో బిడ్డనో బీటెక్ సీఎస్ఈలో చేర్పించి 'ఆ డబ్బా ముంగట కూసున్నంక నీదేం కులమని ఎవడడుగుతడు' అనుకుంటాడు. మొదటివాళ్లది మోసం, రెండోవాళ్లది ఆశ. మోసానికీ ఆశకీ ఒకే వాక్యం సరిపోతోందంటే ఆ వాక్యాన్ని ఒకసారి నిలబెట్టి అడగాల్సిందే.

యంత్రానికి కులం లేదు, నిజమే. కానీ డిగ్రీ అంటే యంత్రం కాదు. ఎంట్రన్సు, ఫీజు, ఇంగ్లీషు, సిలబస్, ల్యాబు, రికార్డు, మిడ్ పరీక్ష, సప్లీ, క్యాంపస్ సెలక్షన్లు – ఇవన్నీ కలిస్తే డిగ్రీ. ఇవి మనుషులు రాసిన నిబంధనలు. మనుషులు రాసినదాన్ని చదవవచ్చు, విమర్శించవచ్చు, కొట్టేసి తిరగ రాయవచ్చు. కథనీ కవిత్వాన్నీ దళిత దృక్పథం నుంచి చదవడం మనం నేర్చుకున్నాం. మన పిల్లలు వేల సంఖ్యలో నాలుగేళ్లు గడిపి వస్తున్న ఈ డిగ్రీని మాత్రం అట్లా చదవలేదు. సీటు వచ్చిందా లేదా అన్న దగ్గరే మన చర్చ ఆగిపోతోంది. సీటు వచ్చాక ఏం జరుగుతోంది, సీటు ఇచ్చే గేటును ఎవరు కట్టారు, బయటికి వచ్చే గేటు దగ్గర ఎవరు కూర్చున్నారు అన్నవి ఈ వ్యాసంలో చూడదలుచుకున్న విషయాలు.

1. గేటు కట్టిన చరిత్ర

1963 ఆగస్టులో ఐబీఎం 1620 అనే కంప్యూటరు కాన్పూరు ఐఐటీకి వచ్చింది. అమెరికన్ విశ్వవిద్యాలయాల సాయంతో నడిచిన ఆ క్యాంపస్ మన దేశంలో కంప్యూటరు చదువుకు పునాది వేసిన చోట్లలో ముఖ్యమైనది. ఆ రోజున ఆ యంత్రం ముందు కూర్చునే అవకాశం ఎవరికి ఉంది? మొదటి ఐఐటీ ఖరగ్‌పూర్‌లో 1951లో మొదలైంది. అదే 1951లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు మద్రాసు రాష్ట్రపు కమ్యూనల్ జీవోను కొట్టేసింది. దానికి జవాబుగా పార్లమెంటు అదే ఏడాది మొదటి రాజ్యాంగ సవరణ చేసి 15(4) అధికరణం తెచ్చింది. అంటే విద్యాసంస్థల్లో మనకోసం ప్రత్యేక ఏర్పాటు చేసే అధికారం ఐఐటీలు పుట్టిన సంవత్సరమే ప్రభుత్వం చేతికి వచ్చింది. ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ మొదలైంది మాత్రం 1973లో. ఈ 22 ఏళ్ల ఆలస్యాన్ని ఎవరూ ప్రతిభ లోపం అనరు. వెనకబడిన కులాలకు అది 2008 దాకా రాలేదు. 2005లో 93వ సవరణ, 2006లో చట్టం, ఆ తర్వాత సుప్రీంకోర్టు తీర్పు – ఇన్ని దాటితే గానీ ఆ తలుపు తెరుచుకోలేదు.

కాబట్టి దేశంలో కంప్యూటర్ సైన్స్‌కు గురువులు, తొలి కంపెనీల యజమానులు, అమెరికా దారి చూసినవాళ్లు ఏ కులాల నుంచి వచ్చారన్నది కాకతాళీయం కాదు. ఆ గేటు అట్లా కట్టారు. అజంతా సుబ్రమణియన్ 2019లో అచ్చయిన తన పుస్తకంలో మద్రాసు ఐఐటీని పరిశీలించి ఒక కీలకమైన సంగతి చెప్పింది. ఆధునిక సాంకేతిక విద్యలోకి వచ్చాక అగ్రకులం మాయం కాలేదనీ, ప్రతిభగా పేరు మార్చుకుందనీ ఆమె వాదన. జనరల్ కోటాలో వచ్చినవాడికి కులం లేనట్టు, రిజర్వేషన్‌లో వచ్చినవాడికి మాత్రమే కులం ఉన్నట్టు క్యాంపస్ నమ్ముతుంది. తరతరాలుగా అక్షరం మీద గుత్తాధిపత్యం చేసినవాడు ఇక్కడ కులం లేని మనిషి అయిపోతాడు. ఇంట్లో మొదటిసారి పుస్తకం పట్టినవాడు కులం మనిషి అవుతాడు.

మన రాష్ట్రం కథ వేరే దారిలో నడిచింది. విజయవాడలో 1977లో వచ్చిన సిద్ధార్థ కాలేజీతో ప్రైవేటు ఇంజనీరింగు చదువు మొదలైంది. కృష్ణా, గోదావరి కాలువల కింద మిగిలిన వ్యవసాయ డబ్బు రైసు మిల్లులకూ సినిమాలకూ పోయినట్టే కాలేజీలకూ వచ్చింది. ఆ పొలాల్లో నాట్లు వేసిన చేతులు ఎవరివి, ఆ మిగులు ఎవరి పేరున జమయింది అన్నది మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఎనభైల్లో డొనేషన్ల గోల ముదిరి 1983లో క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం చేయాల్సి వచ్చింది. 1993లో మన రాష్ట్రం నుంచే వెళ్లిన ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ఫ్రీ సీట్లు, పేమెంటు సీట్లు అనే పద్ధతి పెట్టింది. 2002లో టీఎంఏ పాయ్ తీర్పు ఆ పద్ధతిని కూడా తీసేసి యాజమాన్యాల చేతికి పగ్గాలిచ్చింది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరిచిన నాటికి హైదరాబాదులో కంప్యూటరు చదువు ఒక సరుకు అయి కూర్చుంది. ఆ సరుకును మనవాళ్లు కొనగలిగేటట్టు చేసింది 2008 నాటి ఫీజు రీయింబర్స్‌మెంటు. దాని గురించి ముందుముందు మాట్లాడుకుందాం.

2. రెండు త్రిపుల్ ఐటీలు

మన రెండు రాష్ట్రాల్లో 'త్రిపుల్ ఐటీ' అంటే రెండు అర్థాలున్నాయి. గచ్చిబౌలి త్రిపుల్ ఐటీ ఒకటి. బాసర, నూజివీడు, ఇడుపులపాయ త్రిపుల్ ఐటీలు ఇంకోటి. పేరు ఒకటే. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే ప్రతిభ అనే మాట మీద మన సమాజంలో నడుస్తున్న యుద్ధమంతా కనబడుతుంది.

గచ్చిబౌలి సంస్థ 1998లో వచ్చింది. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం అన్నారు. భూమి, భవనాలు ఇచ్చింది రాష్ట్ర ప్రభుత్వం, అంటే జనం. కంప్యూటర్ సైన్స్ పరిశోధనలో అది దేశంలో పేరున్న చోటు, ఆ పేరును మనం కాదనాల్సిన పనిలేదు. కానీ అక్కడ బీటెక్ ప్రవేశాల్లో కులం ప్రాతిపదికన రిజర్వేషన్ లేదు. జనం భూమి మీద నిలబడ్డ సంస్థకు జనం రాజ్యాంగం గేటు దగ్గర ఆగిపోయింది. 'మాది లాభాపేక్ష లేని స్వతంత్ర సంస్థ' అనే తరహా జవాబు ఇట్లాంటి సంస్థల నుంచి వస్తుంది. స్వతంత్రం అనే మాట ఎవరి నుంచి స్వతంత్రం అని మనం అడగాలి.

రెండోది రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, 2008లో వచ్చింది. పదో తరగతి తర్వాత ఆరేళ్ల చదువు. ఎంట్రన్సు పరీక్ష బదులు పదో తరగతి గ్రేడ్లను తీసుకున్నారు, రిజర్వేషన్ అమలు చేశారు. వీటికి తోడు ఒక చిన్న అంకె పెట్టారు: 0.4. ప్రభుత్వ నాన్-రెసిడెన్షియల్ బడుల్లో చదివిన పిల్లల గ్రేడ్ పాయింట్లకు 0.4 కలపాలన్నారు. దీన్ని 'వెనకబాటు స్కోరు' అన్నారు.

నా దృష్టిలో మన ప్రాంతపు సాంకేతిక విద్యా చరిత్రలో ఈ 0.4 అంత విప్లవాత్మకమైన అంకె ఇంకోటి లేదు. ఎందుకంటే ఇది దయ చూపించడం లేదు, కొలత సరిచేస్తోంది. కార్పొరేటు స్కూల్లో ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అనే పేరుతో తోమించుకున్న పిల్లవాడి 9.8కీ, లెక్కల టీచరు పోస్టు ఏడాదిగా ఖాళీగా ఉన్న జిల్లా పరిషత్ హైస్కూలు పిల్ల తెచ్చుకున్న 9.5కీ మధ్య తేడా ఏమిటని ఇది అడుగుతోంది. మొదటి అంకెలో బడి డబ్బు ఉంది, తల్లిదండ్రుల చదువు ఉంది, ట్యూషను ఉంది. రెండో అంకెలో ఆ పిల్ల మాత్రమే ఉంది. త్రాసులో ఒకవైపు రాయి కట్టి ఉంటే దాన్ని విప్పి తూయాలి. విప్పలేకపోతే రెండోవైపు అంత బరువు వేసి తూయాలి. ఈ మాత్రం నీతి కూరగాయల బండి దగ్గర అందరికీ తెలుసు, ఎంట్రన్సు హాలు దగ్గరే ఎవరికీ గుర్తుండదు.

అయితే ఈ అంకెను కూడా గుడ్డిగా మెచ్చుకోనక్కరలేదు. 'నాన్-రెసిడెన్షియల్' అనే మాట పెట్టడంతో సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన మన బిడ్డలు దాని బయట పడ్డారు. గురుకులాల్లో కొన్నింటికి మంచి వసతులుండొచ్చు. గౌలిదొడ్డి గురుకులం నుంచి మన పిల్లలు ఐఐటీలకు వెళ్లారు. కానీ హాస్టలు మంచం దొరికిన పిల్ల ఇంట్లో అక్షరం పుట్టిందా అన్నది వేరే ప్రశ్న. బడి వెనకబాటును కొలిచి కుటుంబం వెనకబాటును వదిలేస్తే కొలత సగమే సరిచేసినట్టు.

అసలు విషాదం దీని తర్వాత ఉంది. గేటు తెరిచిన సంస్థను లోపల ఎండబెట్టారు. 2022 జూన్‌లో బాసర విద్యార్థులు వేలమంది 12 డిమాండ్లతో వారం రోజులు ఎండకీ వానకీ గేటు దగ్గర కూర్చున్నారు. వాళ్లు అడిగిందేమిటి? పూర్తికాలపు వైస్ ఛాన్సలర్, చాలినంతమంది అధ్యాపకులు, ల్యాప్‌టాప్‌లు, తినగలిగే మెస్సు తిండి. కంప్యూటరు చదువుకోవడానికి వచ్చినవాళ్లు కంప్యూటరు ఇవ్వమని ధర్నా చేయాల్సి రావడం కన్నా ఈ డిగ్రీ మీద గట్టి విమర్శ ఎవరు రాయగలరు!

ఒకచోట లోపల అన్నీ ఉన్నాయి, గేటు మూసి ఉంది. ఇంకోచోట గేటు తెరిచి ఉంది, లోపల ఏమీ మిగలనీయరు. 1882లో జోతిరావు ఫూలే హంటర్ కమిషన్ ముందు ఇదే చెప్పాడు. రైతు, కూలి కట్టిన పన్నులతో పైకులాల పిల్లలకు పెద్ద చదువులు చెప్పి, ఆ పన్ను కట్టినవాళ్ల పిల్లలకు బడి లేకుండా చేస్తున్నారన్నది ఆయన ఫిర్యాదు. నూటనలభై ఏళ్లు దాటాక కూడా ఆ ఫిర్యాదు కాగితం మీద తారీఖు మార్చి మళ్లీ ఇవ్వొచ్చు.

3. సిలబస్ ఎవరిని ఊహించుకుంటుంది?

ఇప్పుడు లోపలికి వెళ్దాం. మొదటి సంవత్సరంలోనే ప్రోగ్రామింగు ఉంటుంది, చాలా ఏళ్లుగా అది 'సి' భాష. సిలబస్ కాగితం చూస్తే అంతా తటస్థంగానే ఉంటుంది. వేరియబుల్స్, లూపులు, ఫంక్షన్లు, పాయింటర్లు. కానీ ఆ కాగితం ఒక విద్యార్థిని ఊహించుకుని రాసింది. ఆ విద్యార్థి ఇంట్లో కంప్యూటరు ఉంది. వాడికి ఇంగ్లీషు చదివితే తలలో నేరుగా అర్థమవుతుంది. వాడి అన్నో మేనమామో సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు, ఏ పుస్తకం కొనాలో ఏ భాష ముందు నేర్చుకోవాలో ఫోనులో చెప్తాడు.

మన పిల్ల పరిస్థితి ఏంటంటే, మొదటిసారి కీబోర్డు మీద చెయ్యిపెట్టేది ల్యాబులోనే. ల్యాబు వారానికి కొన్ని గంటలు. ప్రోగ్రామింగు వినడం వల్ల రాదు, చేస్తేనే వస్తుంది. రాయాలి, తప్పుపోవాలి, తప్పేంటో మిషను చెప్పాలి, దిద్దాలి, మళ్లీ తప్పుపోవాలి. సెమికోలన్ మరిచిపోతే మిషను ఇంగ్లీషులో తిడుతుంది. ఆ తిట్టు అర్థమైనవాడు క్షణంలో దిద్దుకుంటాడు. అర్థం కానివాడు చెయ్యెత్తి అడగాలి. చెయ్యెత్తితే పక్క బెంచీ నవ్వుతుంది. కాబట్టి చెయ్యెత్తడు. నాలుగు వారాలు తిరిగేసరికి వాడు పక్కవాడి ప్రోగ్రాం కాపీ కొట్టి రికార్డులో అందంగా రాయడం నేర్చుకుంటాడు. మన కాలేజీల్లో కంప్యూటరు ప్రోగ్రామును చేత్తో, స్కేలుతో మార్జిన్ గీసి, రికార్డు పుస్తకంలో రాయిస్తారు. వైవాలో నిర్వచనం అడుగుతారు. నిర్వచనం బట్టీపట్టినవాడు పాస్.

ఇక్కడ ఒక మాట ఆలోచించాలి. ప్రోగ్రామింగు స్వభావం ఏ కులాల జ్ఞానానికి దగ్గర? తోలు ఊనే పని చూడండి. పచ్చి తోలును సున్నంలో నానెయ్యాలి, వెంట్రుక ఊడదీయాలి, కండ గీకాలి, కడగాలి, తంగేడు చెక్క నీళ్లలో లందలో ఊరబెట్టాలి. ఏ అడుగు తర్వాత ఏ అడుగో తెలియాలి. ఒక అడుగు తప్పితే తోలు కుళ్లిపోతుంది. ప్రతి దశలో చేత్తో పట్టి చూసి, అయ్యిందో లేదో తేల్చుకుని, కాకపోతే మళ్లీ అదే పని చేయాలి. పద్ధతి, క్రమం, పరీక్ష, పునరావృతం – కంప్యూటర్ సైన్స్‌లో అల్గారిథం అని గొప్పగా చెప్పేదాని నడక మాదిగ లందలో ఉంది. మగ్గం గుంటలో ఉంది. తప్పు చేసి దిద్దుకుని నేర్చుకునే చదువు మన చదువు. గురువు నోటి నుంచి వచ్చింది అక్షరం పొల్లుపోకుండా తిరిగి వల్లించడం వాళ్ల చదువు. కంప్యూటరు చేతిపని లాంటిది. మన పరీక్షల పద్ధతి దాన్ని వేదపాఠం చేసి పెట్టింది. చేతినీ మెదడునీ విడదీసి చేతిని అంటరానిదాన్ని చేసిన బ్రాహ్మణీయ భావజాలం ఇంత కొత్త శాస్త్రంలోకి కూడా వచ్చి రికార్డు పుస్తకం అట్టవేసుకుని కూర్చుంది.

తోలుపనిని పొగిడి పిల్లల్ని మళ్లీ లంద దగ్గరికి పంపమని నేనడం లేదు. ఆ పని కంపు, ఆ పని వెంట వచ్చిన అవమానం తెలిసినవాళ్లు దాన్ని అందంగా చెప్పరు. నేననేది ఒక్కటే. ఈ శాస్త్రం మనకు పరాయిది అనే మాట అబద్ధం. పరాయిది శాస్త్రం కాదు, దాన్ని చెప్పే తీరు.

భాష సంగతి కూడా చూడాలి. కంప్యూటర్ సైన్స్‌లో చాలాకాలం 'మాస్టర్', 'స్లేవ్' అనే పేర్లు వాడారు. అమెరికాలో నల్లజాతి ఉద్యమం ఒత్తిడితో 2020లో గిట్‌హబ్ లాంటి సంస్థలు 'మాస్టర్' పేరును 'మెయిన్'గా మార్చుకున్నాయి. పేరు మారిస్తే బానిసత్వం పోదు గానీ, పేరులో చరిత్ర ఉందని ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ఇప్పుడు మన కాలేజీల్లో ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్, డేటా సైన్స్ పేర్లతో సీఎస్ఈ కొత్త శాఖలు పెరిగాయి. మొహాన్ని గుర్తుపట్టే ప్రోగ్రాములు నల్లజాతి ఆడవాళ్ల దగ్గర ఎక్కువ తప్పుపోతున్నాయని 2018లో జాయ్ బువోలామ్‌విని, టిమ్‌నిట్ గెబ్రు చూపించారు. అది రంగు గురించి, లింగం గురించి. మన దేశంలో పేరు చివరి మాటలో, ఊరి పిన్‌కోడులో, తండ్రి వృత్తిలో కులం ఉంటుంది. ఆ డేటా తిని పెరిగిన ప్రోగ్రాము రేపు అప్పు ఎవరికివ్వాలో, ఇంటర్వ్యూకు ఎవర్ని పిలవాలో తేలుస్తుంది. దాన్ని పట్టుకోగల కళ్లు ఎవరికి ఉంటాయి? ఆ పిన్‌కోడులో పుట్టినవాళ్లకు ఉంటాయి. మన పిల్లలు ఈ డిగ్రీలో ఉండటం మనకు ఉద్యోగాల కోసం మాత్రమే అవసరం కాదు. ఆ శాస్త్రం అబద్ధం చెప్పకుండా ఉండటానికి కూడా అవసరం.

4. బయటి గేటు

లోపలి గేటు దగ్గర రిజర్వేషన్ ఉంది. బయటి గేటు దగ్గర లేదు. క్యాంపస్ సెలక్షన్లకు చాలా కంపెనీలు పెట్టే షరతులు ప్రతి విద్యార్థికీ కంఠస్థం: పదో తరగతి, ఇంటర్, బీటెక్ మూడింటిలోనూ 60 శాతం ఉండాలి, బ్యాక్‌లాగులు ఉండకూడదు, చదువు మధ్యలో ఏడాది గ్యాపు ఉండకూడదు. ఎక్కడా కులం మాట లేదు. కానీ ఈ మూడు వాక్యాలను మన వాడల్లో నిలబడి చదవండి.

పదో తరగతిలో 60 శాతం లేకపోవడం ఎవరి నేరం? ఎప్పుడో వెనక, సర్కారు బడిలో, ఇంగ్లీషు మొదలవని కాలంలో వచ్చిన మార్కును బీటెక్ చివర్లో తెచ్చి మొహాన కొడతారు. ఈ నాలుగేళ్లలో ఆ పిల్ల ఎంత నేర్చుకున్నా ఆ పాత మార్కు చెరగదు. గ్యాపు ఎవరికి వస్తుంది? తండ్రికి జబ్బుచేస్తే ఇటుక బట్టీకో కూలికో పోయి ఏడాది ఇల్లు నడిపినవాడికి వస్తుంది. బ్యాక్‌లాగు ఎవరికి మిగులుతుంది? మొదటి సెమిస్టరులో ఇంగ్లీషు పాఠం అందుకోవడానికే ఆరునెలలు పట్టినవాడికి మిగులుతుంది. 0.4 ఏ వెనకబాటును గుర్తించి కలిపిందో, ఈ 60 శాతం అదే వెనకబాటును గుర్తించి తీసేస్తోంది. ఒక గేటు దగ్గర రాజ్యాంగం ఇచ్చింది, ఇంకో గేటు దగ్గర మార్కెట్టు గుంజుకుంది.

ఈ షరతులు దాటినా పేరు అడ్డం పడుతుంది. 2007లో సుఖదేవ్ థోరాట్, పాల్ అట్టేవెల్ చేసిన అధ్యయనంలో అర్హతలు సమానంగా పెట్టి, పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు ఉద్యోగాలకు దరఖాస్తులు పంపారు. అగ్రకుల పేరుకు పిలుపు వచ్చే అవకాశంతో పోలిస్తే దళిత పేరుకు దాదాపు మూడింట రెండు వంతులే ఉందని తేలింది. అదే ఏడాది సురిందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఉద్యోగాలిచ్చే మేనేజర్లతో మాట్లాడి చూశారు. ప్రతిభే ముఖ్యం అంటూనే వాళ్లు ఇంటర్వ్యూల్లో 'కుటుంబ నేపథ్యం' అడుగుతున్నారని బయటపెట్టారు. మీ నాన్న ఏం చేస్తాడు, ఇంట్లో ఎవరెవరు చదువుకున్నారు – ఊళ్లో రచ్చబండ దగ్గర అడిగే 'ఎవరోళ్లు మీరు' అన్న ప్రశ్నే ఇది. ఏసీ గదిలో ఇంగ్లీషులో అడుగుతారు, అంతే తేడా.

సముద్రం దాటితే పోతుందా? 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం ఒకటి సిస్కో కంపెనీ మీద కులవివక్ష కేసు వేసింది. దళిత ఇంజనీరు ఒకరు ఐఐటీలో రిజర్వేషన్ మీద చేరాడన్న సంగతిని పై ఉద్యోగి తోటివాళ్లకు చెప్పాడన్నది అందులో ఒక ఆరోపణ. 2023 ఏప్రిల్లో ఇద్దరు మేనేజర్ల మీద కేసు ఉపసంహరించుకుని, కంపెనీ మీద మాత్రం కొనసాగించారు. కోర్టు ఏం తేలుస్తుందన్నది అట్లా ఉంచి, ఆరోపణ స్వభావం చూడండి. పద్దెనిమిదేళ్ల వయసులో డిగ్రీ గేటు దగ్గర వేసిన ముద్ర, ఉద్యోగం, వీసా, సముద్రం అన్నీ దాటి అక్కడి ఆఫీసు దాకా వెంటపడిందని అది చెప్తోంది. జనరల్ కోటాలో చేరినవాడి నాన్న ఏ కోచింగుకు ఎంత కట్టాడో అక్కడ ఎవరూ చెప్పుకోరు.

గేటు దాటకముందే పడిపోతున్నవాళ్ల లెక్క కూడా ఉంది. 2023 డిసెంబరులో కేంద్రం పార్లమెంటుకు ఇచ్చిన జవాబు ప్రకారం, అంతకుముందు ఐదేళ్లలో ఐఐటీల నుంచి 1,068 మంది ఎస్సీ, 408 మంది ఎస్టీ విద్యార్థులు మధ్యలో వెళ్లిపోయారు. 2015లో రూర్కీ ఐఐటీ గ్రేడ్లు తక్కువ వచ్చాయని మొదటి సంవత్సరం విద్యార్థులు 70 మందికి పైగా బయటికి పంపింది. ఎక్కువమంది రిజర్వుడు వర్గాల పిల్లలే. గొడవ జరిగాక మళ్లీ అవకాశం ఇచ్చింది. ఒక తరగతిలో ఇంతమంది ఒకేసారి పడిపోతే పడినవాళ్లను తప్పుపట్టే ముందు నేలను చూడాలి. 2024లో ఉత్తరప్రదేశ్ కూలీ కుటుంబం కుర్రాడు 17,500 రూపాయలు నిమిషాల తేడాతో కట్టలేక ధన్‌బాద్ ఐఐటీ సీటు పోగొట్టుకుంటే, సుప్రీంకోర్టు దాకా వెళ్లి తెచ్చుకోవాల్సి వచ్చింది. గడియారం కూడా డబ్బున్నవాడి వైపే తిరుగుతుంది.

మన దగ్గర ఆ గడియారం పేరు ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయి. ప్రభుత్వం కాలేజీకి ఇవ్వాల్సింది ఇవ్వదు. కాలేజీ ప్రభుత్వాన్ని ఏమీ చేయలేదు, విద్యార్థిని చేయగలదు. టీసీ, మెమోలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఆపి 'డబ్బు కట్టి తీసుకుపో, గవర్నమెంటు ఇచ్చాక నీకిస్తాం' అంటుంది. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు యాజమాన్యాలే బకాయిల కోసం కాలేజీలు మూసేదాకా వచ్చింది. ఇద్దరు బలవంతుల లెక్క తేలేదాకా తాకట్టులో ఉండేది మన పిల్లల కాగితాలు. వెట్టిలో మనిషిని తాకట్టు పెట్టుకునేవాళ్లు, ఇప్పుడు సర్టిఫికెట్ పెట్టుకుంటున్నారు. ఎస్సీ విద్యార్థుల పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో, అంబేద్కర్ వైస్రాయి మండలిలో ఉన్న రోజుల్లో మొదలైంది. ఇది ఎవరో పెట్టిన అన్నం ముద్ద కాదు, కొట్లాడి తెచ్చుకున్న హక్కు. హక్కుకు బకాయి ఉండకూడదు.

5. మనలోని లెక్కలు

విమర్శ బయటికే చేసి ఊరుకుంటే చాలదు. 2010లో ఉత్తరప్రదేశ్‌లోని బంకా గ్రామంలో చంద్రభాన్ ప్రసాద్ ఆధ్వర్యంలో ఇంగ్లీషు దేవత గుడి తలపెట్టారు. ఆ విగ్రహం ఒక చేతిలో కలం, ఒక చేతిలో రాజ్యాంగం పట్టుకుని కంప్యూటరు మీద నిలబడి ఉంటుంది. ఆ ఊహలో ఉన్న ధైర్యం నాకు నచ్చుతుంది. ఇంగ్లీషూ కంప్యూటరూ వద్దనే అగ్రకుల మేధావులు తమ పిల్లల్ని ఎక్కడ చదివిస్తారో మనకు తెలుసు. కానీ దేవతను చేసినదాన్ని మొక్కుతారు, ప్రశ్నించరు. మన దగ్గర సీఎస్ఈ అట్లాంటి దేవత అయ్యింది. చరిత్ర, న్యాయశాస్త్రం, ఆర్థికశాస్త్రం, లెక్కలు – ఇవన్నీ మన పిల్లలకు 'పనికిరాని' చదువులైపోయాయి. కంపెనీలు ఉద్యోగాలు తగ్గించిన ఏడాది ఒక్క శాఖలో కుక్కిన తరమంతా రోడ్డు మీద పడుతుంది. పడ్డప్పుడు తండ్రికి వ్యాపారం ఉన్నవాడు అందులోకి పోతాడు. మనవాడు ఎక్కడికి పోతాడు?

దళితుల్లో ఎవరు ఈ గేటు దాకా వస్తున్నారన్నది ఇంకో ప్రశ్న. 1994లో ఈదుమూడిలో మొదలైన దండోరా అడిగింది ఇదే. 2000 నాటి వర్గీకరణ చట్టాన్ని 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది, 2024 ఆగస్టు 1న ఆ తీర్పును తానే తప్పని చెప్పింది. 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణలో మూడు గ్రూపుల వర్గీకరణ అమల్లోకి వచ్చింది. 15 శాతంలో అత్యంత వెనకబడిన కులాలకు 1, మాదిగలున్న గ్రూపుకు 9, మాలలున్న గ్రూపుకు 5. కొలత సరిచేయాలని అగ్రకులాలను అడిగే మనం, మనలో కొలత సరిచేస్తే కోపం తెచ్చుకోవడం న్యాయం కాదు. 0.4 మంచిదైతే వర్గీకరణా మంచిదే. రెంటి వెనకా ఉన్న సూత్రం ఒకటే. ఆడపిల్లల విషయంలో ఈ సూత్రం మన ఇళ్లలోనే మొదలు కావాలి. ల్యాబు సాయంత్రం ఆరుదాకా తెరిచి ఉన్నా, ఐదింటి బస్సుకు ఇంటికి రావాలని మనమే చెప్తే ఆ ల్యాబు ఆ పిల్లకు మూసి ఉన్నట్టే.

6. ఏం అడగాలి

సీటు అడిగే దశ నుంచి చదువు అడిగే దశకు మన ఉద్యమం రావాలి. జనం భూమి తీసుకున్న ప్రతి సాంకేతిక సంస్థా రిజర్వేషన్ అమలు చేయాలి. 93వ సవరణ తెచ్చిన 15(5) అధికరణం ప్రైవేటు కాలేజీల్లో రిజర్వేషన్‌కు దారి తెరిచింది, 2014లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. పార్లమెంటు చట్టమే మిగిలింది, దాన్ని అడగాలి. వెనకబాటు స్కోరును గురుకులాల పిల్లలకు కూడా వర్తించేటట్టు చేసి, ఎంట్రన్సులన్నింటికీ పెంచాలి.

లోపల, మొదటి సెమిస్టరులో ల్యాబు రాత్రిదాకా తెరిచి ఉండాలి. సంక్షేమ హాస్టళ్లలో కంప్యూటర్లు ఉండాలి. తెలుగులో అడిగే ప్రశ్నకు తెలుగులో జవాబు చెప్పే అధ్యాపకుడు ఉండాలి. దాన్ని మందబుద్ధుల క్లాసు అని వేరే గదిలో పెట్టకుండా అందరికీ పెట్టాలి. రికార్డు రాతకు ఇచ్చే మార్కులు చేసిన పనికి ఇవ్వాలి. అధ్యాపక పోస్టులు రోస్టరు ప్రకారం శాశ్వతంగా నింపాలి. బోర్డు ముందు నిలబడ్డ మనిషి మనవాడైనప్పుడు చివరి బెంచీలో చెయ్యెత్తడానికి ధైర్యం వస్తుంది.

బయట, ప్రభుత్వ గుర్తింపు ఉన్న కాలేజీ ఆవరణలోకి వచ్చే కంపెనీ పదో తరగతి మార్కునూ ఏడాది గ్యాపునూ అడ్డం పెట్టకూడదని నిబంధన చేయాలి. బకాయి పేరుతో సర్టిఫికెట్ ఆపడాన్ని నేరంగా చూడాలి. ప్రతి కాలేజీ ఎంతమంది చేరారు, ఎంతమంది పాసయ్యారు, ఎంతమంది మధ్యలో పోయారు, ఎవరికి ఉద్యోగం వచ్చింది అన్నది కులాలవారీగా ఏటా బయటపెట్టాలి. డేటా సైన్స్ చెప్పే కాలేజీకి ఈ డేటా ఇవ్వడం కష్టమేమీ కాదు.

ఈ చివరి పనికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఈ పత్రిక చదివే విద్యార్థులు తమ కాలేజీలో తమ బ్యాచి లెక్క తామే తీయొచ్చు. ఎవరు చేరారు, ఎవరు మిగిలారు, ఎవరి సర్టిఫికెట్ ఆఫీసు బీరువాలో ఉంది – రాసి పెట్టండి. ఇన్నాళ్లూ మన లెక్కలు కరణం దఫ్తరంలో ఉండేవి. ఇప్పుడు లెక్కకట్టే యంత్రం మన చేతికి వచ్చింది, మన లెక్క మనమే కట్టుకోవాలి.